కొత్త అపార్ట్‌మెంటుకు అగ్నిమాపక శిక్షణ: సామాను బాగుంది, డ్రిల్లు సగమే

విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చి గుంటూరు లక్ష్మీపురంలోని మా అపార్ట్‌మెంటుకు అగ్నిమాపక పరికరాలు బిగించిన సంస్థ పేరు రాయడం లేదు. సామానుకు వంక పెట్టలేను. సిలిండర్ల మీద ఐఎస్ఐ గుర్తు ఉంది, పీడనం చూపే ముల్లు పచ్చగీతలోనే ఉంది, గొట్టాల పెట్టెలకు ఎవరూ తాళాలు వేయలేదు. ఇబ్బందంతా శిక్షణతోనే.

మర్చంట్ నేవీలో ఇంజినీరుగా పనిచేసినవాడిని. ఓడలు కట్టే యార్డు నుంచి అప్పుడే దిగిన ఓడలో పంపులు తళతళలాడుతుంటాయి, సిబ్బందికి మాత్రం ఏ వాల్వు ఎక్కడుందో తెలియదు. అందుకే సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణకు చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం) నిబంధనల ప్రకారం ఓడ మొదటిసారి సేవలోకి వచ్చినా, కొత్త సిబ్బంది చేరినా, బయలుదేరక ముందే అగ్నిప్రమాద డ్రిల్లు, అంటే మంటలొస్తే ఏం చేయాలో సాధన, జరగాలి. ఆపైన ప్రతి ఒక్కరూ నెలకొకసారైనా పాల్గొనాలి. 1990 ఏప్రిల్‌లో స్కాండినేవియన్ స్టార్ అనే ఫెర్రీ తగలబడి 159 మంది చనిపోయారు. ఆ మార్గంలో దాన్ని అప్పుడప్పుడే దించారు, సిబ్బందికి సరైన శిక్షణే లేదు. పోనీ ఓడ కొత్తదైతే భయం లేదా అంటే, 2017లో తయారైన మార్స్క్ హోనామ్ మరుసటి మార్చిలోనే అరేబియా సముద్రంలో అంటుకుంది. ఐదుగురు పోయారు.

ఇక్కడ శిక్షణ ఇచ్చిన కుర్రాడు చురుకైనవాడు. ట్రేలో మంట పెట్టి, "బాబాయి గారూ, పైన ఎగిసే మంటను కాదు, మొదలును కొట్టండి" అని చక్కగా చెప్పాడు. ఆరు కిలోల పొడి సిలిండరు అర నిమిషం కూడా రాదని చూపించాడు. కానీ పట్టుకున్నది మా అసోసియేషన్ పెద్దలు, అదీ ఫొటోల కోసం. రాత్రిళ్లు మెలకువగా ఉండే వాచ్‌మన్‌ను పిలవనేలేదు!

డీజిల్ పంపు నడపమంటే "సర్వీసింగ్‌కు వచ్చినప్పుడు చూస్తారండీ" అన్నాడు. పట్టుబడితే స్విచ్ నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. బ్యాటరీ తీగ బిగించలేదు. కరెంటు పోతే మాకు దిక్కు ఆ పంపే.

ఫోను చేస్తే మాత్రం మళ్లీ వచ్చారు, అదనంగా డబ్బు అడగలేదు. ఈసారి వాచ్‌మన్ దంపతుల చేత గొట్టం విప్పించి నీళ్లు కొట్టించారు. నాజిల్ వెనక్కి తన్నడం చూసి, ఇద్దరు పట్టుకోవాల్సిందేనని ఆవిడే తేల్చేసింది.

వీళ్లను పెట్టుకోవచ్చు. పంపు నడిపి చూపించాకే మిగతా డబ్బు ఇస్తామని ఒప్పందంలో రాయించుకోండి. ముందుగా చెబితే ఆదివారం కూడా వస్తారు.