నీరా పులవకుండా: సున్నం ముంతా, ఐసు పెట్టెనా?

తాటి గెల కోసినచోట కారే నీరు పులవకముందు నీరా. అది తియ్యగా ఉంటుంది, పీహెచ్ (పులుపు, క్షారం కొలత) 7 దగ్గర. వేసవిలో కోనసీమ ఉక్కకు మామూలు ముంత కడితే తెల్లారి దింపేసరికి అది కల్లే. కల్లే కావాలంటే ఇంకేమీ చెయ్యక్కర్లేదు. నీరా కావాలంటేనే ఈ తకరారు.

సున్నం చవక. ముంత లోపల పలచగా, అంతటా సమంగా పూసి ఆరనివ్వాలి. పీహెచ్ 8 దాటి ఉన్నంతసేపు ఈస్టు, అంటే నీటిని పులియబెట్టే సూక్ష్మజీవి, తల ఎత్తదు. పూత అడుగున మందంగా, పైన పలచగా ఉంటే మాత్రం సగం పులిసి, సగం సున్నం ఘాటెక్కిన నీరు దిగుతుంది. బెల్లానికి సున్నమే మేలు. పులిసిన నీటిలో చక్కెర విరిగిపోతుంది. ఎంత కాచినా పాకం గడ్డకట్టదు, వేలికి జిగటగా అంటుతూనే ఉంటుంది. సున్నం మరీ ఎక్కువైతే బెల్లం నల్లబడి చేదెక్కుతుంది. అందుకే కాచేముందు నీటిని కదపకుండా ఉంచి, తేట వంచుకుని, గుడ్డలో వడగట్టాలి.

తాగడానికైతే ఐసే. కొబ్బరి నీరా కోసం కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ చేసిన పెట్టె ఈ పద్ధతిదే: చుట్టూ ఐసు, మధ్యలో నీరు పడే పాత్ర. రుచి ఏమీ మారదు. చిక్కు బరువుతో. అంత ఎత్తుకి ఐసు మోసుకెళ్లాలి, అది కరిగేలోపే దింపాలి. దింపాక నీడలో పెట్టి కబుర్లాడితే పడ్డ శ్రమంతా వృథా. చలి ఈస్టును చంపదు, నిద్రపుచ్చుతుందంతే. కాబట్టి చెట్టు దిగగానే మళ్లీ ఐసులోకే, 4 డిగ్రీల దగ్గరికి.

రెండింటిలో దేనికైనా తప్పు ముక్కుకి, వేలికి దొరుకుతుంది. బుడగలు, కల్లు వాసన వస్తే ఈస్టు. వెనిగర్ ఘాటు వస్తే ఆపైన చేరిన పుల్లబెట్టే బాక్టీరియా. వేలు ముంచి ఎత్తితే తీగ సాగితే ల్యూకోనాస్టాక్ అనే బాక్టీరియా. అది చక్కెరను జిగురుగా మారుస్తుంది. చాలామంది సున్నాన్నో ఐసునో తిడతారు గానీ, దోషం ఎక్కువగా నిన్నటి ముంతదే. మట్టి ముంత రంధ్రాల్లో పాత ఈస్టు దాక్కుంటుంది. సలసల మరిగే నీళ్లతో కడిగి, బోర్లించి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. గీత కత్తినీ అలాగే వేడినీళ్లలో ముంచాలి. గీతలు పడ్డ ప్లాస్టిక్ డబ్బా వాడకపోవడమే మంచిది.

ముంతలు జతగా ఉంచుకుని రోజు మార్చి రోజు కట్టండి. తడి ముంతకు సున్నం పూస్తే పెచ్చులూడి నీటిలో పడుతుంది.