ఆడియోలో పోయిన దారి, ఆడియోలోనే దొరికిన వాసన: 'స్లాటర్‌హౌస్-ఫైవ్'

కర్ట్ వానెగట్ 1969లో వెలువరించిన 'స్లాటర్‌హౌస్-ఫైవ్' నవలను చాలా ఏళ్ళ కిందట పుస్తకంగా చదివాను. ఈమధ్య నటుడు ఈథన్ హాక్ చదివిన ఆడియో పుస్తకాన్ని కొని, ఆఫీసుకు వెళ్ళివచ్చే దారిలో వారం రోజుల్లో విని ముగించాను. కథ నాకు తెలిసినదే అయినా, వింటున్నప్పుడు కనీసం నాలుగుసార్లు ఏ సంవత్సరంలో ఉన్నానో తెలియక వెనక్కి జరుపుకోవలసి వచ్చింది.

కథానాయకుడు బిల్లీ పిల్‌గ్రిమ్ రెండవ ప్రపంచయుద్ధానికి వెళ్ళిన అమెరికన్ సైనికుడు, కాలంలో పట్టు తప్పిన మనిషి. 1955లో ఒక తలుపులో అడుగుపెట్టి 1941లో మరో తలుపు నుంచి బయటికి వస్తాడు. 1945 ఫిబ్రవరిలో జర్మనీలోని డ్రెస్డెన్ నగరం బాంబు దాడుల్లో కాలిపోయినప్పుడు వానెగట్ అక్కడ యుద్ధఖైదీగా ఉండి, కబేళా అడుగున మాంసం దాచే గదిలో తలదాచుకుని బతికినవాడు. ఊచకోత గురించి తెలివిగా చెప్పగలిగినది ఏదీ లేదు కాబట్టే పుస్తకం ఇలా గజిబిజిగా తయారైందని మొదటి అధ్యాయంలోనే ఒప్పుకుంటాడు.

చదవడానికీ వినడానికీ ఉన్న తేడాను తేల్చే ఘట్టం రెండవ అధ్యాయంలోనే ఉంది. 1944లో మంచు అడవిలో చెట్టుకు ఆనుకుని నిలబడిన బిల్లీ, తండ్రి ఈత నేర్పుతానంటూ నీళ్ళలోకి విసిరేసిన బాల్యానికీ, అక్కడినుంచి 1965లో వృద్ధాశ్రమంలో ఉన్న తల్లి దగ్గరికీ, 1958లో కొడుకు బేస్‌బాల్ విందుకూ, 1961లో నూతన సంవత్సర వేడుకకూ జారిపోయి మళ్ళీ అడవిలో తేలుతాడు. అచ్చులో ఒక్కో గెంతుకు ముందు ఖాళీ జాగా ఉంటుంది. కన్ను అక్కడ ఆగి, అంకెను చూసుకుని, అవసరమైతే పై పేరాకు వెళ్ళి వస్తుంది. ఆడియోలో ఆ జాగా ఒక ఊపిరంత విరామంగా మిగులుతుంది. హాక్ గుసగుసకు దగ్గరగా, లోగొంతుతో చదువుతాడు. రాత్రి గదిలో వింటే ఆ తీరు కథకు చక్కగా నప్పుతుంది, బస్సు హోరులో మాత్రం సంవత్సరాలే ముందుగా మునిగిపోతాయి.

ముందువెనుకల కథ చెవికి పడదని దీన్నిబట్టి తీర్మానించలేము. మహాభారతంలో యుద్ధం తర్వాతి తరాల నాటి సర్పయాగం ఆదిపర్వంలోనే వస్తుంది, పురాణ కాలక్షేపంలో కూర్చున్నవారు తికమకపడరు. ఎందుకంటే ఎవరు ఎవరికి చెబుతున్నారో పౌరాణికుడు మధ్యమధ్య గుర్తుచేస్తూనే ఉంటాడు. వానెగట్ ఆ పని చాలావరకు కాగితానికే వదిలేశాడు.

అయితే చెవికి దక్కినది కూడా తక్కువేమీ కాదు. ప్రతి మరణం వెంటా వచ్చే 'సో ఇట్ గోస్' (అంతే, అలా జరుగుతుంది) అనే మూడు పదాల వాక్యం పుస్తకంలో వందకు పైగా చోట్ల ఉంది. చదివినప్పుడు పదోసారి నుంచే నా కన్ను దాన్ని దాటేసింది. గొంతు దాటెయ్యలేదు కనుక, మనుషుల చావుకూ సీసాలో బుడగలు చచ్చిన షాంపేన్‌కూ ఒకే స్వరంలో ఆ మాట పడుతుంటే, బుర్రకథలో వంతపాటలా కథను కుట్టుకుంటూ పోయింది. గులాబీలూ, మస్టర్డ్ గ్యాస్ అనే యుద్ధ విషవాయువూ కలిసిన వాసన మరీ ముఖ్యం: మొదటి అధ్యాయంలో తాగిన రచయిత ఊపిరికి ఉన్న ఆ వాసనే చివరి అధ్యాయంలో డ్రెస్డెన్ శవాలకు వస్తుంది. చదివినప్పుడు ఈ లంకె నాకు తట్టనే లేదు.

నవలలోని ట్రాల్ఫమడోర్ గ్రహవాసుల పుస్తకాల్లో సందేశాలన్నీ ఒకేసారి చూడవలసినవి, ఒకదాని తర్వాత ఒకటిగా కాదు. మన పుస్తకంలో కనీసం రెండు పేజీల మధ్య వేలు పెట్టి అటూ ఇటూ తిప్పవచ్చు. ఆడియోలో ముప్పై సెకన్ల బటనే గతి. రచయిత స్వయంగా వేసిన బొమ్మలు, సమాధిరాయి బొమ్మతో సహా, ఆడియోలో ఎలాగూ కనిపించవు. మొదటిసారి వచ్చేవారు పుస్తకమే కొనాలని, ఒకసారి చదివినవారు ఆడియోకు నిస్సంకోచంగా డబ్బు పెట్టవచ్చని నా అభిప్రాయం. ఆ రెండవ వర్గం వారు ప్రయాణంలో మాత్రం వినకండి.