హన్మకొండలో ఇండోర్ సైక్లింగ్ క్లాస్: ఆర్పీఎం చూసి తొక్కించే కోచ్ దొరికాడు

హన్మకొండలో మా ఇంటికి దగ్గర్లో ఒక జిమ్ వాళ్లు పైఅంతస్తు మొత్తం సైక్లింగ్ క్లాసుకే ఇచ్చారు. చేరాలా వద్దా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. చేరండి. ఫీజు మామూలు జిమ్ ఫీజుకు దాదాపు రెట్టింపు, ఏసీ అంతంతమాత్రం, సాయంత్రం బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు, అయినా చేరమనే చెప్తా. ఎందుకంటే అక్కడి కోచ్ మన మొహాల మీద చెమట చూసి కాదు, స్క్రీన్ మీద ఆర్పీఎం (పెడల్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందన్న లెక్క) చూసి క్లాసు నడిపిస్తాడు.

చాలా చోట్ల సైక్లింగ్ క్లాసంటే పెద్ద సౌండుతో పాటలు, "ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా" అని అరుపులు, అంతే. తొక్కుడు బరువు పెంచే, తగ్గించే నాబ్ ఎంత బిగించాలో, కాళ్లు ఎంత వేగంగా తిప్పాలో చెప్పేవాళ్లు ఉండరు. సగం మంది పూర్తిగా బిగించి ఎత్తు ఎక్కుతున్నట్టు లాగుతుంటారు, మిగతా సగం మంది ఏ బరువూ లేకుండా గిరగిరా తిప్పేస్తుంటారు. ఇద్దరికీ ఒకేలా చెమట పడుతుంది, ఇద్దరూ బాగా చేశామనే అనుకుని ఇంటికి పోతారు.

ఈ ఆర్పీఎం లెక్కనే కేడెన్స్ అని కూడా అంటారు. మనం పెట్టే పవర్ రెండిటి మీద ఆధారపడుతుంది: ఒక్కో తొక్కుడులో ఎంత బలం పెడుతున్నాం, నిమిషానికి ఎన్నిసార్లు తొక్కుతున్నాం. 150 వాట్లే అనుకుందాం. దాన్ని 90 ఆర్పీఎంతో తొక్కేటప్పుడు పెట్టే బలానికి ఒకటిన్నర రెట్లు పెడితే తప్ప 60తో తొక్కలేం. స్క్రీన్ మీద వాట్లు అవే కనిపిస్తాయి గానీ లోపల జరిగేది వేరు. 60 దగ్గర భారమంతా తొడల మీద, మోకాళ్ల మీద పడుతుంది, కండరాల్లో నిల్వ ఉన్న ఇంధనం, అంటే గ్లైకోజెన్, త్వరగా ఖర్చవుతుంది. 90 దగ్గర కాళ్లకు తేలిక, కానీ గుండె, ఊపిరి ఎక్కువ పని చేయాలి. ల్యాబుల్లో కొలిస్తే ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఖర్చయ్యేది 90 కన్నా తక్కువ ఆర్పీఎం దగ్గరే, అయినా బాగా అలవాటున్న సైక్లిస్టులు 80 నుంచి 100 మధ్యే తొక్కుతారు. చాలాసేపు తొక్కాల్సి వచ్చినప్పుడు ముందు చేతులెత్తేసేవి కాళ్లే కాబట్టి, వాటిని కాపాడుకుని ఆ భారం కొంత గుండె మీదికి నెడతారన్నమాట.

ఈ కోచ్ నాకు ఎందుకు నచ్చాడో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. నా పక్క సైకిల్ మీద రిటైరైన ఒక బ్యాంకు సార్ తొక్కుతున్నాడు, స్క్రీన్ మీద 122 కనిపిస్తోంది, మనిషి సీటు మీద ఎగిరెగిరి పడుతున్నాడు. కోచ్ వచ్చి పాట ఆపేసి, "సార్, మీరు చక్రం తిప్పుతలేరు, చక్రమే మీ కాళ్లను తిప్పుతుంది" అని చెప్పి నాబ్ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ పోయాడు. 110, 104, 96. 92 దగ్గర ఆ సార్ నడుము కదలకుండా నిలబడింది, భుజాలు దిగాయి. "గిప్పుడు తొక్కుతున్నరు సార్" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, ఈ క్లాసుల్లో వాడే స్పిన్ బైక్‌లో ముందున్న బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్, ఒకసారి వేగం అందుకుంటే పెడల్స్‌ను తనే లాక్కెళ్తుందని. రోడ్డు సైకిల్ మీద కాళ్లు ఆపితే పెడల్స్ ఆగుతాయి, ఈ రకం బైకుల మీద ఆగవు. అందుకే ఆపాలంటే నాబ్ కిందికి నొక్కాలని కొత్తవాళ్లకు మొదటిరోజే చూపిస్తారు, ఇది చాలా ముఖ్యం.

క్లాసులో చదును రోడ్డు అంటే 80 నుంచి 110, ఎత్తు అంటే 60 నుంచి 80, ఇవి దాటనివ్వడు. ఇలాంటి ఇండోర్ సైక్లింగ్ క్లాసుల స్పిన్నింగ్ పద్ధతిలో మొదటినుంచీ చెప్పే అంకెలే ఇవి. ఎత్తులో 60 కన్నా కిందికి పడిపోతే నాబ్ వదులు చేయమంటాడు, పట్టుదల చూపించనివ్వడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇది తప్పకుండా పాటించాలి, తక్కువ ఆర్పీఎంలో పెద్ద బరువు లాగితే మోకాలి చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. సీటు ఎత్తు కూడా ఒక్కొక్కరికీ తనే సరిచేస్తాడు, పెడల్ కింద ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, పూర్తిగా చాచుకుపోకూడదు.

బయట తొక్కేవాళ్లకు ఇంకా పనికొస్తుంది. వడ్డేపల్లి కట్ట మీద ఎదురుగాలి వచ్చినా, కాజీపేట బ్రిడ్జి ఎక్కాల్సి వచ్చినా గేరు తగ్గించి అదే ఆర్పీఎం పట్టుకోవడం ఇప్పుడు అలవాటైంది, మడికొండ వైపు వెళ్లొచ్చినా మునుపటిలా తొడలు పట్టేయడం లేదు. బయట కుక్కలు, ఆటోలు, స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి కాబట్టి ఒకే అంకె మీద పది నిమిషాలు నిలబడటం కుదరదు, లోపల కుదురుతుంది. అదే ఇండోర్‌లో ఉన్న గొప్ప సుఖం.

ఇక లోపాలు. రెండు మూడు బైకులకు స్క్రీన్ పని చేయదు, ఆర్పీఎం చూసి నేర్పే క్లాసులో ఇది పెద్ద లోపమే, చెప్పినా ఇంకా బాగు చేయించలేదు. అలాంటి బైక్ వస్తే కుడి కాలు కిందికి ఎన్నిసార్లు వస్తుందో 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించుకోండి, సరిపోతుంది. ఏసీ సంగతి ముందే చెప్పా. లోపల ఒంటికి ఎదురుగాలి తగలదు, మన వరంగల్ ఎండాకాలంలో ఫ్యాన్ కింద బైక్ దొరక్కపోతే అదే ఆర్పీఎం, అదే వాట్లకు గుండె వేగం పైపైకి పోతుంది. మే నెలలో పొద్దున బ్యాచే తీసుకోండి.

ఇంట్లోనే ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా నిలబెట్టి తొక్కే స్టాండు) మీద తొక్కేవాళ్లు క్రాంక్‌కు, అంటే పెడల్ బిగించి ఉండే కడ్డీకి, కట్టుకునే చిన్న కేడెన్స్ సెన్సర్ కొనుక్కుంటే చాలు, బ్లూటూత్‌తో ఫోన్‌లో అంకె కనిపిస్తుంది, చాలావాటికి బటన్ సెల్ బ్యాటరీ సరిపోతుంది. బరువును తనే మార్చుకునే స్మార్ట్ ట్రైనర్ ఈఆర్జీ మోడ్‌లో (పెట్టిన వాట్ల దగ్గరే నిలబెట్టే మోడ్) మాత్రం జాగ్రత్త. అది వాట్లు తగ్గనివ్వదు, కాబట్టి మీరు నెమ్మదించిన కొద్దీ బిగుసుకుంటూ పోతుంది, చివరికి పెడల్ కదలదు. కొంచెం తగ్గుతున్నట్టు అనిపించగానే వేగం పెంచాలి.

కొత్తవాళ్లు మొదటి వారమే 90 కోసం పాకులాడొద్దు. 75 దగ్గర నడుము కదలకుండా తొక్కడం వస్తే, వారానికి కొంచెం చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. చేరేముందు ఒక ఉచిత క్లాసు ఇస్తారు, స్క్రీన్ పనిచేసే బైకే కావాలని అడిగి కూర్చోండి.