హాలులో మీటింగా, మిషన్ దగ్గర మాటా?

తాడిపత్రి గ్రానైట్ పాలిష్ యూనిట్లలో సేఫ్టీ మీటింగ్ రెండు రకాలుగా పెట్టొచ్చు. నెలకోసారి అందరినీ కూర్చోబెట్టి స్లైడ్లు చూపించడం ఒకటి. కొత్త రూల్ చెప్పడానికి, రిజిస్టర్‌లో సంతకాలకు అది చాలు. భోజనం తర్వాత పెడితే మాత్రం సగంమంది కునుకు తీస్తారు.

రెండోది, షిఫ్ట్ మొదలయ్యే ముందు కటింగ్ మిషన్ దగ్గరే పది నిమిషాలు మాట్లాడుకోవడం. నా ఓటు దీనికే. రోజుకు ఒకే విషయం తీసుకోవాలి. బ్లేడు మీద నీళ్లు సరిగా పడకపోతే దుమ్ము లేస్తుంది, అందులోని సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. ఇది సూపర్‌వైజర్ ఉపన్యాసంగా చెప్పేకంటే, "అన్నా, నీ మిషన్‌కు నీళ్లు ఎట్ల వస్తాండాయి?" అని అడిగితే ఆపరేటరే చూపిస్తాడు, పక్కోళ్లూ కలగజేసుకుంటారు. అయితే వాళ్లు చెప్పిన లోపాన్ని వెంటనే బాగు చేయించాలి, లేకుంటే మళ్లీ ఎవరూ నోరు విప్పరు. మిషన్లు ఆపించడం మరవొద్దు, ఆ మోతలో ఏమీ వినబడదు.