గాల్వాల్యూమ్ రేకు: ఇంటి కప్పుకు మంచిదే, కోళ్ల షెడ్డుకు వద్దు

రేకులు కొనడానికి వెళ్తే ముందు రంగు చూస్తాం, తర్వాత మందం అడుగుతాం. తుప్పును ఆపేది మాత్రం రంగు కింద ఉండే లోహపు పూత. చదరపు మీటరుకు ఆ పూత ఎన్ని గ్రాములుందో అడగకుండా బేరం మొదలుపెట్టకండి.

గాల్వాల్యూమ్ పూతలో 55 శాతం అల్యూమినియం, 43.4 శాతం జింకు, 1.6 శాతం సిలికాన్ ఉంటాయి. 1972లో అమెరికాలోని బెత్లెహెమ్ స్టీల్ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. పని తీరు తేలికగానే అర్థమవుతుంది. పూతలోని జింకు ముందుగా కరుగుతూ ఉక్కును కాస్తుంది. అల్యూమినియం వలలా నిలబడి, ఆ జింకు తుప్పును వానకు కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుంది. అందుకే అదే మందంలో జింకు పూత మాత్రమే ఉన్న మామూలు జీఐ రేకుకంటే ఆరుబయట రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ కాలం వస్తుంది. మా తీర్పు: ఇంటి మేడపై కప్పుకైనా, గోడౌనుకైనా ఏజెడ్150 తీసుకోండి.

ఏజెడ్150 అంటే చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 150 గ్రాముల పూత, అంటే ఒక్కో వైపు సుమారు 20 మైక్రాన్లు. జీఐలో అంత మందం రావాలంటే 275 గ్రాముల జింకు కావాలి, ఎందుకంటే జింకు బరువైన లోహం. ఏజెడ్70 రేకులు కూడా దొరుకుతాయి. వాటి పూత ఒక్కో వైపు 9 మైక్రాన్లే. రంగు వేశాక ఈ రెంటికీ తేడా కంటికి కనబడదు, మోసం జరిగేది అక్కడే.

మందం దగ్గర ఇంకో మెలిక ఉంది. 0.50 ఎంఎం రంగు రేకు అని రాస్తే అందులో పూత, పెయింటు కూడా కలిసే ఉంటాయి. ఏజెడ్150 పూతకు 0.04, రెండు వైపుల పెయింటుకు ఇంచుమించు 0.035 తీసేస్తే ఉక్కు మిగిలేది 0.425 ఎంఎం. కాబట్టి బీఎంటీ (పూత, పెయింటు లేకుండా ఉక్కు మందం) ఎంత, ఏజెడ్ ఎంత అన్న రెండు అంకెలూ బిల్లు మీద రాయించుకోండి.

మంచి రేకును పాడుచేసేది ఎక్కువగా బిగింపు రోజే. గ్రైండరుతో కోస్తే ఎగిరిన నిప్పురవ్వలు పూతలోకి కాలి దిగబడతాయి. ఒక్క రాత్రి మంచు పడితే చాలు, తెల్లారేసరికి రేకంతా ఎర్రటి చుక్కలు. రేకు కత్తెర గానీ నిబ్లర్ (రేకును కొరుకుతూ కోసే పనిముట్టు) గానీ వాడించండి. స్క్రూలు దించినప్పుడు రాలిన ఇనుప రజను ఆ సాయంత్రమే మెత్తటి చీపురుతో ఊడ్పించాలి. స్క్రూ కింది రబ్బరు వాషర్ కొద్దిగా నొక్కుకుంటే చాలు. పక్కకు ఉబ్బేదాకా బిగిస్తే అది చిట్లి నీళ్లు దిగుతాయి. స్టీలు మంచిదని స్టెయిన్‌లెస్ స్క్రూలు వేస్తుంటారు, తీరప్రాంతంలో మరీను. వద్దు, ఆ స్క్రూ చుట్టూ పూతే ముందు తినుకుపోతుంది. కొలత గీతలకు పెన్సిలు కూడా వద్దు, అందులోని గ్రాఫైటు పూతను తింటుంది. మార్కరుతో గీయండి.

ఏసీ రాగి గొట్టం నుంచి కారే నీళ్లు రేకు మీద పడకుండా పైపు పెట్టి కిందికి దింపండి. రాగి తగిలిన నీరు పడినచోట చిల్లు ఖాయం.

ఈ పూతకు అసలు పడనిది క్షారం. పచ్చి సిమెంటు అంటితే అల్యూమినియం కరుగుతుంది. గోడ పక్కన ప్లాస్టరింగు పూర్తయ్యాకే రేకులు ఎక్కించండి, చిందిన మాలును ఆరకముందే కడిగేయండి. పశువుల కొట్టం, కోళ్ల షెడ్డులో పెంట నుంచి వచ్చే అమ్మోనియా తేమతో కలిసి రేకు అడుగున చేరుతుంది. పైభాగం మెరుస్తూనే ఉంటుంది, లోపలి వైపు నుంచి చిల్లులు పడతాయి. అక్కడ ఏజెడ్ రేకు ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వాన తగలని చూరు అడుగున ఉప్పు పేరుకుంటుంది. ఆ భాగాన్ని అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగాలి.

రేకులు దించాక కట్టల్ని నేల మీద పడేయకండి. కర్రల మీద ఒక చివర ఎత్తుగా పెట్టి, గాలి ఆడేలా కప్పండి. రెండు రేకుల మధ్య నీళ్లు నిలిస్తే జీఐకి తెల్ల తుప్పు పడుతుంది, గాల్వాల్యూమ్ నల్లబడుతుంది. ఆ నలుపు ఎంత తుడిచినా పోదు. కట్ట తడిసి వస్తే వెంటనే విప్పి, ఒక్కో రేకూ విడదీసి ఆరబెట్టండి.