కోడ్ చెరిపేసే బటన్ మీద నా కోపం ఇంకా పోలేదు

మూడేళ్లుగా ఒక చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ వాడుతున్నాను. కారు సాకెట్‌లో గుచ్చితే, కారు కంప్యూటర్ గుర్తించిన లోపాల కోడ్‌లను ఫోన్లో చూపించే పరికరం అది. కొన్న వారంలోనే ఇద్దరు ముగ్గురితో కొనిపించాను కూడా. అప్పట్లో నేను తెగ మెచ్చుకున్నది ఒక్కటే: ఫోన్లో బటన్ నొక్కితే చెక్ ఇంజిన్ లైటు ఆరిపోతుంది! ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. స్కానర్ మంచిదే, ఆ బటనే నన్ను ముంచింది.

కారు 18 ఏళ్ల నాటి పెట్రోల్ టర్బో. ఎమిషన్ టెస్టుకు, అంటే పొగ కాలుష్యం పరీక్షకు, వారం ముందు లైటు వెలిగింది. కోడ్ పీ0171, అంటే ఇంజిన్లోకి వెళ్లే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. చూపించిన చోట పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ మార్చాల్సిందే అన్నారు. అంత ఖర్చా అని ఇంటికొచ్చి కోడ్ చెరిపేశాను. లైటు ఆరింది. మర్నాడు పొద్దున్నే దర్జాగా టెస్టుకు వెళ్లాను. అక్కడి కుర్రాడు కేబుల్ గుచ్చి, నిమిషం తిరక్కుండానే తీసేశాడు. "మానిటర్లు రెడీగా లేవండీ. ఈ మధ్య కోడ్ ఏమైనా చెరిపారా?" అన్నాడు. కాపీ కొడుతూ దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డాను.

కోడ్ చెరిపితే పోయేది లైటు ఒక్కటే కాదు. కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు, పెట్రోలు ట్యాంకు ఆవిరి బయటికి పోకుండా చూసే ఏర్పాటు... వీటిని కారు కంప్యూటర్ తనంతట తాను పరీక్షించుకున్న ఫలితాలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. వాటినే రెడీనెస్ మానిటర్లు అంటారు. అంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఫ్రీజ్ ఫ్రేమ్ పోవడం. లైటు వెలిగిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎన్ని ఆర్‌పీఎం మీద ఉంది అని కారు దాచుకున్న సాక్ష్యం అది. దాన్ని చూడకుండానే నా చేత్తో నేనే తుడిచేశాను. ఇంత నష్టం చేసే బటన్‌కి యాప్‌లో ఉన్న హెచ్చరిక "ఖాయమేనా?" అన్న ఒక్క ముక్క.

ఆ తర్వాతే స్కానర్‌లో అసలు పనికొచ్చే పేజీ తెరిచాను. అది ఫ్యూయల్ ట్రిమ్. కంప్యూటర్ లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోలుకు అదనంగా ఎంత శాతం పోస్తోందో, లేదా ఎంత తగ్గిస్తోందో చెప్పే అంకె. సున్నాకు అటూ ఇటూ 5 ఉంటే నిశ్చింత. నా కారు ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, ప్లస్ 21 చూపించింది. యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే 4కి దిగింది. అక్కడే విషయం తేలిపోయింది. ఐడిల్‌లో ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్ సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) గాలిని గట్టిగా లాగుతుంది, ఎక్కడ చిన్న కంత ఉన్నా లెక్కలోకి రాని గాలి లోపలికి దూరుతుంది. ఇంజిన్ జోరుగా తిరిగి అసలు గాలి ఎక్కువ వెళ్తుంటే, ఈ దొంగగాలి వాటా చిన్నదైపోతుంది.

టర్బో కారులో ఇంకో తిరకాసు ఉంది. బూస్ట్ వచ్చినప్పుడు, అంటే టర్బో గాలిని బలంగా లోపలికి నెట్టినప్పుడు, మానిఫోల్డ్‌లో ఒత్తిడి పెరిగి, అదే కంతలోంచి గాలి బయటికి పోతుంది. అది ఎయిర్‌ఫ్లో సెన్సర్ అప్పటికే కొలిచేసిన గాలి. దాని లెక్కకు సరిపడా పెట్రోలు కంప్యూటర్ పోసేస్తుంది కాబట్టి ఈసారి పెట్రోలు ఎక్కువై మిశ్రమం చిక్కబడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు కారు ఈడ్చినట్టు వెళ్తుంటే పాపం టర్బో ముసలిదైపోయిందనుకునేవాణ్ణి.

కంత దొరికింది ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, పీసీవీ చెక్ వాల్వుకూ (ఇంజిన్ అడుగున చేరే ఆవిరిని ఒకవైపే పోనిచ్చే వాల్వు) మానిఫోల్డుకూ మధ్య ఉన్న రబ్బరు గొట్టంలో. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. వేలు కిందికి పోనిస్తే నూనె తడి తగిలింది. ఊడదీసి కొంచెం వంచగానే అడుగున పగులు నోరు తెరిచింది. చిటికెన వేలంత గొట్టం! అది మార్చి నడిపాక ఐడిల్‌లో ట్రిమ్ 3కి వచ్చింది. కన్వర్టర్ ఇప్పటికీ పాతదే.

మానిటర్లు రెడీ కావడానికి మాత్రం ఓపిక కావాలి. రాత్రంతా చల్లబడ్డ ఇంజిన్ స్టార్ట్ చేయడం, కాసేపు ఐడిల్, తర్వాత ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్లడం. కన్వర్టర్ మానిటర్ మూడో రోజుకు తేలింది. ఆవిరి మానిటర్ మాత్రం కదలనే లేదు. శుభమా అని నేను ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించానుగా! ట్యాంకు మరీ నిండుగా ఉన్నా, మరీ ఖాళీగా ఉన్నా చాలా కార్లు ఆ పరీక్ష మొదలే పెట్టవు.

చివరికి అదీ తేలి, అన్నీ పచ్చగా మారిన సంతోషంలో స్కానర్‌ని సాకెట్‌లోనే వదిలేశాను. ఆ సాకెట్‌కి తాళంచెవి తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది. వారం కదలని కారు, ముసలి బ్యాటరీ... పూర్తిగా దిగిపోయింది. విప్పి ఛార్జ్ చేసి పెట్టేసరికి మానిటర్లన్నీ మళ్లీ మొదటికి. ఈ రెండో దెబ్బకి ఎవరినీ తిట్టలేకపోయాను. ఇంకో వారం పొద్దున్నే లేచి తిరిగాను. టెస్టు పాసైంది.

కొనమంటానా? నా పరిస్థితి వేరు. మా టెస్టులో కేబుల్ గుచ్చి చూస్తారు, నాకు కారు రోజూ అక్కర్లేదు, చేతులకు మసి అంటితే ఇబ్బంది లేదు. సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగ మాత్రమే కొలిచే చోట రెడీనెస్ పేజీతో పనే ఉండదు, ట్రిమ్ పేజీ పనికొస్తుంది. ఓబీడీ సాకెట్ లేనంత పాత కారైతే ఇది దండగ. నా కారులాంటి వాటిలో డేటా కూడా నెమ్మదిగా వస్తుంది. నాలుగు అంకెలు ఒకేసారి పెడితే తడబడుతుంది, అందుకే బూస్ట్ చూడ్డానికి దీన్ని నమ్మను. మొదట్లో నా మాట విని కొన్నవాళ్లకు ఫోన్ చేసి, చెరిపే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోమని చెప్పాను. ఒకాయన అప్పటికే నొక్కేశారట.