వెనక్కి తిరిగి కూర్చునే చంటిబిడ్డకు కారులో ఏ అద్దం మేలు?

చంటిబిడ్డను కారు సీటులో వెనక్కి తిప్పి కూర్చోబెట్టడమే భద్రం. దీని మీద ఇప్పుడు పెద్దగా వాదనలు లేవు. ఢీకొన్నప్పుడు ఆ తాకిడిని మెడ ఒక్కటే భరించకుండా సీటు వీపు మొత్తం తీసుకుంటుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో సీటు అనుమతించే ఎత్తు, బరువు పరిమితి దాటేదాకా బిడ్డను ఇలాగే కూర్చోబెట్టమంది. పిల్లల కారు సీట్ల మీద ఐరోపాలో ఉన్న ఆర్129 నిబంధన ప్రకారం కనీసం 15 నెలలు. కాలిఫోర్నియాలో రెండేళ్ల లోపు పిల్లలకు ఇది చట్టమే, కాస్త పెద్దగా ఎదిగిన పిల్లలకు మాత్రం మినహాయింపు ఉంది. మన దేశంలో 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి వచ్చిన 194బి సెక్షన్ 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అంటుందే తప్ప, సీటు ఎటు తిరిగి ఉండాలో చెప్పదు.

చిక్కల్లా బిడ్డ ముఖం డ్రైవరుకు కనిపించకపోవడం. ఏడిస్తే కంగారు, ఏడవకపోతే ఇంకా కంగారు. అందుకే అద్దాలు, కెమెరాలు వచ్చాయి. కొనేముందు ఒక లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు కళ్లు పక్కకు పోతే కారు 33 మీటర్లు పోతుంది, వంద వేగంలో అయితే దాదాపు 56. అందుకని బిడ్డ ఎంత పెద్దగా, ఎంత అందంగా కనిపిస్తుందన్నది నాకు రెండో ప్రశ్న. ఒక్క చూపులో కావలసింది తెలిసిపోతుందా అన్నదే మొదటిది. కావలసింది కూడా చాలా తక్కువ: గడ్డం ఛాతీకి ఆనుకుని తల ముందుకు వాలిపోలేదు కదా, ముక్కు మీద దుప్పటి పడలేదు కదా. నెలల పిల్లల్లో తల అలా వాలితే ఊపిరి తీసుకునే దారి మూసుకుపోవచ్చు. దానికి మొదటి మందు సీటును సరైన వాలులో బిగించడం, అద్దం ఆ తర్వాత.

ఎక్కువ మంది కొనేది వెనుక సీటు హెడ్‌రెస్ట్‌కు పట్టీలతో కట్టే అద్దం. అందులో పడిన బిడ్డ ముఖం డ్రైవరుకు ముందు అద్దంలో కనిపిస్తుంది. ఇందులో సమతలం, ఉబ్బెత్తు అని రెండు రకాలు. సమతలం బిడ్డను ఉన్నంత పెద్దగా చూపిస్తుంది కానీ కొంత భాగాన్నే చూపిస్తుంది. సీటు కాస్త కదిలినా ముఖం తప్పిపోతుంది. ఉబ్బెత్తు అద్దంలో బొమ్మ చిన్నది, కానీ తల నుంచి పొట్ట దాకా ఒకేసారి వస్తుంది. ఎండ విషయంలోనూ దీనిదే పైచేయి. విజయవాడ నుంచి హైదరాబాదుకు సాయంత్రం వస్తుంటే పొద్దు ఎదురుగా ఉంటుంది. ముందు గాజులోంచి వచ్చిన వెలుగు వెనుక అద్దం మీద పడితే సమతలం దాన్ని అలాగే బిడ్డ కళ్లలోకో మీ కళ్లలోకో కొడుతుంది. ఉబ్బెత్తు అద్దం ఆ వెలుగును చెదరగొడుతుంది. నా ఓటు ఉబ్బెత్తుకే. మరీ పెద్దది మాత్రం వద్దు. వెనుక గాజులో సగం మూసుకుపోతే వెనక వచ్చే లారీ కనిపించదు.

కొట్లో అడిగి చూడాల్సింది అద్దం వెనుక ఉండే కీలు. అద్దాన్ని అటూ ఇటూ తిప్పుకోవడానికి అక్కడ ఒక గుండు ఉంటుంది. కొన్నింటిలో అది కేవలం ప్లాస్టిక్ బిగువు మీద నిలబడుతుంది. నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి అద్దం తల వాల్చేసి, ముఖానికి బదులు బిడ్డ కాళ్లు చూపిస్తుంది. గుండు చుట్టూ తిప్పి బిగించే మర ఉన్నది తీసుకోండి. అద్దం గాజుది కాకుండా పగలని ఆక్రిలిక్‌ది కావాలి, బరువు తక్కువ ఉండాలి. పట్టీలు నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి రెండు వైపులా చుట్టుకునేవి అయితే కదలదు. కట్టాక రెండు చేతులతో పట్టుకుని గట్టిగా గుంజండి. మీ చేతికే ఊడివచ్చేది ప్రమాదంలో బిడ్డ మీదికే వస్తుంది. ఈ అద్దాల్లో చాలావరకు సీటుతో పాటు ఢీ పరీక్షల్లో పాసైనవి కావు. బిడ్డ సీటు కంపెనీ పుస్తకంలో అదనపు సామాను తగిలించవద్దని ఉంటే ఆ మాట వినడమే మంచిది.

మన దగ్గర ఇంకో ఇబ్బంది. చాలా చిన్న కార్లలో, ముఖ్యంగా తక్కువ ధర వేరియంట్లలో, వెనుక హెడ్‌రెస్ట్ సీటులోనే కలిసిపోయి ఉంటుంది. పట్టీ చుట్టడానికి కింద సందే ఉండదు. హ్యాచ్‌బ్యాక్ అయితే సీటు వీపును మడిచి, పొడవాటి పట్టీని డిక్కీ వైపు నుంచి చుట్టి, మళ్లీ నిలబెట్టవచ్చు. పట్టీ అంత పొడవుందో లేదో కొనేముందే కొలుచుకోవాలి. వెనుక సీటు మడవని సెడాన్‌లో ఆ దారీ లేదు. అలాంటప్పుడు తాళ్లూ టేపులూ పెట్టి తంటాలు పడకండి, అద్దం ఆశ వదిలేయండి.

గాజుకు రబ్బరు కప్పుతో అంటించే అద్దాల గురించి ఎక్కువ చెప్పను. మే నెల ఎండలో నిలిపిన కారులో ఆ కప్పు పట్టు వదలడం ఖాయం. చౌక అన్న ఒక్క కారణంతో దాన్ని బిడ్డ తల దగ్గర వేలాడదీయడం నాకు నచ్చదు. డ్రైవరు అద్దానికి క్లిప్పుతో తగిలించే బుల్లి అద్దం వేరే సంగతి. వెనుక ఇంకో అద్దం లేనిదే అది మీకు చూపించేది సీటు వీపును మాత్రమే.

ఇక కెమెరా. వెనుక హెడ్‌రెస్ట్‌కు చిన్న కెమెరా, డ్యాష్‌బోర్డు మీద తెర. దీని బలమంతా రాత్రిపూటే. పరారుణ కాంతితో చీకట్లోనూ నలుపు తెలుపుల్లో ముఖం స్పష్టంగా కనిపిస్తుంది, అద్దం ఆ వేళ దండగ. లైటు ఉన్న అద్దాలూ ఉన్నాయి గానీ, నిద్రపోతున్న బిడ్డ ముఖం మీద లైటు వేసి లేపుకోవడం ఏ తల్లికి కావాలి? పైగా కొన్నిటి రిమోట్‌లో బొత్తాం బ్యాటరీ ఉంటుంది, పిల్లలు మింగితే ప్రాణాంతకం కావచ్చు. కెమెరాతోనూ చిక్కులు లేకపోలేదు. వైరు బిడ్డ చేతికి అందని దారిలో తేవాలి. బ్యాటరీతో నడిచేదైతే ఎండలో ఆపిన కారులో వదిలేయకూడదు. అన్నిటికన్నా తెరతోనే నాకు పేచీ. అద్దం మీరు చూస్తేనే చూపిస్తుంది, తెర చూడమని పిలుస్తూనే ఉంటుంది. రాత్రి ఉద్యోగం చేసేవారు, విదేశాల్లో చీకటితోనే బిడ్డను డేకేర్‌కు ఒంటరిగా తీసుకెళ్లేవారు దీన్ని ఆలోచించవచ్చు. అందులోనూ తెరను ఆర్పే బొత్తాం చేతికి అందేలా ఉన్నదే తీసుకోవాలి.

వీటన్నిటికన్నా మెరుగైనది కొనే వస్తువు కాదు. పుట్టింటి నుంచి మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డలను తీసుకెళ్లేటప్పుడు కారులో ఎలాగూ ఓ పెద్దావిడ ఉంటుంది. ఆవిడను వెనుక, బిడ్డ పక్కన కూర్చోబెట్టండి. ఒడిలోకి తీసుకుంటానంటే మాత్రం ఒప్పుకోవద్దు; "అమ్మా, ఆగాక ఎత్తుకుందువుగాని" అని మెల్లగా చెప్పండి. విజయవాడ నుంచి హైదరాబాదుకైతే దాదాపు 270 కిలోమీటర్ల దారిలో మధ్యలో ఆపి బిడ్డను సీటులోంచి బయటికి తీయడం ఎలాగూ తప్పదు. వెనుక మనిషి ఉండే ప్రయాణాలే మీవి అయితే అద్దానికి డబ్బు పెట్టకండి. బిడ్డతో ఒంటరిగా, పగటిపూట, ఊళ్లోనే తిరిగేవారికి పట్టీల ఉబ్బెత్తు అద్దం సరిపోతుంది.

సర్దుకునేటప్పుడు డ్రైవరు తన సీటులో కూర్చుని, ముందు అద్దాన్ని వెనుక రోడ్డు కనిపించేలా రోజూలాగే ఉంచాలి. ఇంకొకరు వెనుక నుంచి బిడ్డ అద్దాన్ని తిప్పుతూ పోవాలి. ముందు అద్దం మూలలో బిడ్డ ముఖం కనిపించిన చోట బిగించాలి. బిడ్డ కోసం ముందు అద్దాన్ని వంచితే వెనుక రోడ్డు పోతుంది. మన కార్లలో డ్రైవరు కుడివైపు కాబట్టి బిడ్డ సీటు ఎడమవైపు ఉంటే ఈ పని తేలిక. డ్రైవరు వెనుకే ఉంటే మీ సొంత హెడ్‌రెస్టే అడ్డం వస్తుంది. ఇంట్లో ఇద్దరు నడుపుతుంటే పొట్టివారికీ పొడుగువారికీ కోణం మారుతుంది, బయలుదేరే ముందే చూసుకోవాలి. పిల్లవాడు ముందుకు తిరిగి కూర్చునే వయసు వచ్చాక పట్టీల అద్దాన్ని విప్పేయండి. ఇందాక పనికిరాదన్న బుల్లి క్లిప్పు అద్దం అప్పుడు పనికొస్తుంది.